నిజాం కారు మీద బాంబు వేసిన వరంగల్ కుర్రాడు.. ఉరిశిక్ష పడ్డాక ఏమైంది? నారాయణరావు పవార్ కథ

1947 డిసెంబర్ 4, సాయంత్రం. హైదరాబాద్‌లో కింగ్‌కోఠి ప్యాలెస్ దగ్గర రోడ్డు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కారు ప్యాలెస్ నుంచి బయటికొచ్చింది. రోడ్డు పక్కన నిలబడ్డ ఓ కుర్రాడు జేబులోంచి బాంబు తీసి కారు మీదికి విసిరాడు. పెద్ద శబ్దం, పొగ, జనం కేకలు. నిజాంకి మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

అప్పట్లో ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా పేరున్న మనిషి మీద, ఆయన ఇంటి ముందే జరిగిన దాడి ఇది. ఆ బాంబు వేసింది నారాయణరావు పవార్. ఊరు వరంగల్. అప్పుడాయన ఇరవైల్లో ఉన్నారు, లా చదువుతున్నారు.

సెప్టెంబర్ 17 దగ్గర పడితే చాలు, విమోచనమా విలీనమా అని టీవీ డిబేట్లు మొదలవుతాయి. పవార్ పేరు కూడా అప్పుడే ఓ రెండు రోజులు వినిపిస్తుంది. ఫొటో వేస్తారు, బాంబు వేసిన వీరుడు అని ఓ లైన్ చెప్తారు, అయిపోతుంది. కానీ ఈ కథలో బాంబు ముందు ఏముంది, తర్వాత ఏముంది అన్నదే అసలు విషయం.

ఎవరీ పవార్?

పవార్ పెరిగింది నిజాం రాజ్యంలోని వరంగల్లో. ఈరోజు పెద్దపల్లి, మంథని, రామగుండంలో ఉన్నవాళ్లకి ఆ కాలం గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. అప్పుడు ఇదంతా కరీంనగర్ జిల్లా. చదువు ఉర్దూలో, కోర్టు కాగితం ఉర్దూలో. పల్లెలో దొర గడీ, వెట్టిచాకిరి. సభ పెట్టుకోవాలన్నా, బడి పెట్టుకోవాలన్నా సర్కారు పర్మిషన్ కావాలి.

అలాంటి టైంలో వరంగల్, హైదరాబాద్ లాంటి పట్టణాల్లో కుర్రాళ్లని ఆకర్షించిన సంస్థల్లో ఒకటి ఆర్యసమాజ్. 1938, 39లో నిజాం ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఆర్యసమాజ్ పెద్ద సత్యాగ్రహం చేసింది. దేశం నలుమూలల నుంచి వచ్చి జైళ్లకి వెళ్లారు. అదే 1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని గెంటేశారు. అలా బయటికి వెళ్లి నాగ్‌పూర్‌లో చదువు పూర్తి చేసుకున్నవాళ్లలో ఒకరు పీవీ నరసింహారావు. తర్వాత మన మంథని నుంచే నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన పీవీనే. అంటే ఆ తరం కుర్రాళ్లకి జైలు, బహిష్కరణ కొత్త కాదు.

పవార్ కూడా ఆర్యసమాజ్‌లోనే తయారయ్యారు. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసినందుకు రజాకార్లు బత్తిని మొగిలయ్యని చంపేశారు. సొంత ఊళ్లో, పట్టపగలు, జెండా కోసం ఓ మనిషి ప్రాణం పోయింది. ఆ వయసులో ఉన్న కుర్రాడి మీద అది ఎంత ప్రభావం చూపించి ఉంటుందో పెద్దగా వివరించక్కర్లేదు.

1947లో ఏం జరిగింది?

దేశమంతా ఆగస్టు 15కి రెడీ అవుతుంటే, నిజాం జూన్‌లోనే ఫర్మానా ఇచ్చారు. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోగానే హైదరాబాద్ స్వతంత్ర రాజ్యం అవుతుందని దాని సారాంశం. ఆగస్టు 15న స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థని అరెస్ట్ చేశారు. సెప్టెంబర్ 2న వరంగల్ పక్కనే ఉన్న పరకాలలో జెండా పట్టుకుని వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. మళ్లీ శవాలు లేచాయి.

ఇంకోవైపు ఖాసిం రజ్వీ. లాతూర్ వకీలు. రజాకార్ల నాయకుడు. అక్టోబర్ 27న ఢిల్లీతో ఒప్పందం మాట్లాడటానికి బయల్దేరాల్సిన ప్రతినిధి బృందాన్ని రజాకార్ల గుంపు చుట్టుముట్టి కదలనివ్వలేదు. ప్రధాని ఛత్తారీ నవాబు తప్పుకున్నారు. ఆయన ప్లేసులోకి మీర్ లాయక్ అలీ వచ్చారు. రాజ్యంలో ఎవరి మాట చెల్లుతోంది, గద్దె మీదున్న నిజాందా, వీధిలో ఉన్న రజ్వీదా అన్నది ఆ రోజుతో అందరికీ అర్థమైంది.

చివరికి నవంబర్ 29న ఇండియాకీ నిజాంకీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టే. అంటే విలీనం ఇప్పట్లో లేదు. ఢిల్లీ వాళ్లకి అది టైం గెయిన్ చేసుకునే ఎత్తుగడ కావచ్చు. కానీ హైదరాబాద్ సంస్థానంలో ఉన్న కుర్రాళ్లకి ఎలా కనిపించి ఉంటుంది? దేశం మనల్ని ఇంకో ఏడాది రజాకార్లకి వదిలేసింది అన్నట్టే కదా.

ఒప్పందం మీద సంతకాలు పడ్డ ఐదు రోజులకే కింగ్‌కోఠిలో బాంబు పేలింది.

ప్లాన్ ఇదీ..

పవార్‌తో పాటు ఇద్దరున్నారు. జగదీశ్ ఆర్య, గండయ్య. ముగ్గురూ సాయుధులే. నిజాం సాయంత్రం ప్యాలెస్ నుంచి ఒకే టైంకి, ఒకే దారిలో కారులో బయటికెళ్లే అలవాటు ఉన్న మనిషి. అంత పెద్ద రాజ్యానికి పాలకుడైనా, ఆయన రోజువారీ తిరుగుడు గడియారం చూసుకున్నట్టు ఉండేది. ఆ అలవాటే వీళ్లకి దొరికిన అవకాశం.

రోడ్డు మీద ఒకరి తర్వాత ఒకరు కొంత కొంత దూరంలో నిలబడాలి. మొదటివాడు తప్పితే రెండోవాడు, రెండోవాడు తప్పితే మూడోవాడు. పవార్ మొదటి ప్లేసులో ఉన్నారు.

ఆరోజు కారు రానే వచ్చింది. పవార్ విసిరారు. బాంబు కారుకి తగిలింది కానీ లోపల పడలేదు. తగిలి బయట పేలింది. రోడ్డు మీదున్న మామూలు జనానికి గాయాలయ్యాయి. నిజాం సీట్లో అలాగే క్షేమంగా ఉన్నారు. కారు ముందుకి రాకుండా వెనక్కి ప్యాలెస్‌కి తిరిగింది. దాంతో మిగతా ఇద్దరి దగ్గరికి టార్గెట్ రానేలేదు. పవార్‌ని అక్కడికక్కడే పట్టేసుకున్నారు.

ఇదంతా జరిగింది కొద్ది క్షణాల్లో. ఎన్ని రోజులు ప్లాన్ చేసినా ఇలాంటివన్నీ చివరికి ఆ క్షణాల మీదే ఆధారపడతాయి. ఒక జానెడు అటో ఇటో.

ఈ కేసులో వినిపించిన ఇంకో పేరు కొండా లక్ష్మణ్ బాపూజీ. పుట్టింది ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో. కుట్రలో ఆయనకీ భాగం ఉందని పోలీసులు వెతికారు. ఆయన అజ్ఞాతంలోకి వెళ్లిపోయారు. తర్వాత మంత్రి అయ్యారు. 1969లో తెలంగాణ కోసం ఆ పదవి వదిలేశారు. 2001లో టీఆర్ఎస్ పుట్టింది ఆయన ఇల్లు జలదృశ్యంలోనే. ఒకే కేసు నుంచి ఒకరు ఉరికంబం వైపు, ఇంకొకరు అసెంబ్లీ వైపు వెళ్లారు.

ప్రాగ్‌లో ఇదే సీన్.. కానీ అక్కడ గురి తప్పలేదు

ఇక్కడ ఒక్కసారి దేశం దాటి వెళ్దాం. ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది.

కింగ్‌కోఠి బాంబుకి ఐదేళ్ల ముందు, 1942 మే 27న, ఇప్పుడు చెక్ రిపబ్లిక్ రాజధాని అయిన ప్రాగ్‌లో అచ్చం ఇలాంటిదే జరిగింది. ఆ దేశాన్ని ఆక్రమించిన నాజీల తరఫున అక్కడ పాలిస్తున్నది రైన్‌హార్డ్ హైడ్రిచ్. యూదుల్ని మొత్తంగా తుడిచిపెట్టే పథకంలో ముఖ్యుడు. అతన్ని చంపడానికి బ్రిటన్‌లో ట్రైనింగ్ తీసుకుని పారాచూట్లలో దిగిన ఇద్దరు సైనికులు, యోసెఫ్ గాబ్చిక్, యాన్ కుబిష్, రోడ్డు మలుపులో కాపు కాశారు. హైడ్రిచ్‌కీ అదే అలవాటు. రోజూ అదే దారి, అదీ టాప్ లేని కారులో. గాబ్చిక్ గన్ జామ్ అయింది. కుబిష్ బాంబు విసిరితే అది కూడా కారు లోపల పడలేదు, వెనక చక్రం దగ్గర పేలింది. కానీ ముక్కలు హైడ్రిచ్ ఒంట్లోకి దిగాయి. ఇన్ఫెక్షన్‌తో జూన్ 4న చనిపోయాడు.

ఈ కథ మీద ఫ్రెంచ్ రచయిత లోరాన్ బినే రాసిన నవల 2010లో వచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఆంథ్రోపాయిడ్ అనే ఇంగ్లిష్ సినిమా 2016లో వచ్చింది. మన పవార్ మీద అలాంటి పెద్ద నవల ఉండాల్సింది అని ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టి చూస్తే అనిపించక మానదు.

అయితే హైడ్రిచ్ చనిపోయాక ఏమైందో కూడా చెప్పుకోవాలి. నాజీలు లిడిట్సే అనే ఊరి మీద పగ తీర్చుకున్నారు. జూన్ 10న ఆ ఊళ్లో దొరికిన మగవాళ్లని 173 మందిని వరసగా నిలబెట్టి కాల్చేశారు. ఆడవాళ్లని క్యాంపులకి పంపారు. పిల్లల్లో చాలామందిని గ్యాస్‌తో చంపారు. ఊరిని నేలమట్టం చేశారు. ఆ మగవాళ్లలో ఎక్కువమంది ఎవరనుకుంటున్నారు? పక్కనే ఉన్న క్లాద్నో బొగ్గు గనుల్లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులు. గోదావరిఖనిలో షిఫ్ట్ దిగి ఇంటికొచ్చే మనుషుల్లాంటివాళ్లు.

ఆ వార్త విని ముందు కదిలింది కూడా బొగ్గు గని కార్మికులే. ఇంగ్లండ్‌లో స్టోక్ ఆన్ ట్రెంట్ అనే ఊళ్లో బార్నెట్ స్ట్రాస్ అనే డాక్టర్, గని కార్మిక సంఘాలతో కలిసి 1942 సెప్టెంబర్‌లో ఉద్యమం మొదలుపెట్టారు. లిడిట్సేని మళ్లీ కట్టాలని కార్మికులు తమ జీతాల్లోంచి చందాలు వేసుకున్నారు. యుద్ధం అయ్యాక కొత్త లిడిట్సే లేచింది. తమ ఊరు కాదు, తమ భాష కాదు. అయినా ఇచ్చారు.

గురి తగిలి ఉంటే?

ఇప్పుడు కింగ్‌కోఠికి తిరిగొద్దాం. పవార్ బాంబు ఆరోజు కారు లోపల పడి ఉంటే ఏమయ్యేది?

ముందు ఒక మాట. నిజాంని హైడ్రిచ్‌తో పోల్చడం కుదరదు. ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మానియా హాస్పిటల్, నిజాంసాగర్ ఆయన కాలంలో వచ్చినవే. మన సింగరేణి 1945లో ప్రభుత్వం చేతికి వచ్చింది కూడా నిజాం సర్కారు వాటాలు కొనడం వల్లే. ఇంకో విచిత్రం ఏంటంటే, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల మీద పోరాడిన బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరుతోనే స్క్వాడ్రన్ ఉండేది. నిజాం ఇచ్చిన డబ్బుకి గుర్తుగా పెట్టిన పేరు అది. అదే టైంలో ఆయన రాజ్యంలో వెట్టి ఉంది, గడీలు ఉన్నాయి, చివరికి రజాకార్లూ వచ్చారు. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

ఇక అసలు ప్రశ్న. నిజాం చనిపోతే రాజ్యం ఎవరి చేతికి పోయేది? పేరుకి వారసుడు వచ్చినా పెత్తనం రజ్వీ చేతికి పూర్తిగా పోయేదని గట్టిగా అనిపిస్తుంది. అప్పటికే ప్రధానిని మార్చగలిగినవాడు. పైగా పాలకుణ్ని చంపారన్న కోపం ఆయన మనుషులకి తోడయ్యేది. హత్య చేసింది ఆర్యసమాజ్ కుర్రాడు, వరంగల్ వాడు అని తెలిశాక ఏ ఊళ్లమీద పడేవాళ్లు? లిడిట్సే గురించి చెప్పింది ఇందుకే.

ఇంకోటి కూడా ఉంది. తొమ్మిది నెలల తర్వాత ఇండియన్ ఆర్మీ వచ్చినప్పుడు కాల్పులు ఆపమని ఒక్క మాటతో చెప్పగలిగిన మనిషి నిజాం ఒక్కడే. 1948 సెప్టెంబర్ 17న ఆ మాట చెప్పింది ఆయనే. ఆయన లేకపోతే ఐదు రోజుల్లో ముగిసిన యుద్ధం ఎన్నాళ్లు సాగేదో.

అలాగని పవార్‌ది తెలివితక్కువ పని అని తేల్చేయడం కూడా అన్యాయమే. ఈ తర్వాతి కథ మనకి తెలుసు. డిసెంబర్ 4న రోడ్డు పక్కన నిలబడ్డ కుర్రాడికి తెలియదు. ఆయనకి తెలిసింది మొగిలయ్య, పరకాల, చేతిలో పడ్డ యథాతథ ఒప్పందం. ఆ మూడు చూస్తే ఎవరో వచ్చి కాపాడతారన్న నమ్మకం కలగదు.

జైల్లో పవార్.. బయట మంటలు

కోర్టు పవార్‌కి ఉరిశిక్ష వేసింది. ఆయన జైల్లో ఉరికి ఎదురుచూస్తుంటే, బయట 1948 గడుస్తోంది. ఆ ఏడాది తెలంగాణలో ఎలా గడిచిందో ఇప్పటికీ ఊళ్లలో చెప్పుకుంటారు.

మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో కరీంనగర్ కమ్యూనిస్టు నాయకులు అనభేరి ప్రభాకర్ రావు, సింగిరెడ్డి భూపతి రెడ్డి, వాళ్ల సహచరులు పోలీసులు, రజాకార్ల కాల్పుల్లో చనిపోయారు. ఆగస్టులో హైదరాబాద్ నడిబొడ్డున ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ని రజాకార్లు నరికి చంపారు. ఆయన ముస్లిం. నిజాం ఇండియాలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. ఆగస్టు 27న బైరాన్‌పల్లి. బురుజు మీద నుంచి పోరాడిన ఊరు. లొంగదీసుకుని వరసగా నిలబెట్టి కాల్చారు.

గమనించండి. ఆర్యసమాజ్ వాళ్లు, కాంగ్రెస్ వాళ్లు, కమ్యూనిస్టులు, ఓ ముస్లిం జర్నలిస్టు. ఒకరి దారి ఒకరికి నచ్చదు. ఒకరి పద్ధతిని ఒకరు తిట్టుకున్నారు కూడా. ఇప్పుడు ఏ పార్టీకి ఆ పార్టీ తమ వీరుణ్ని మాత్రమే బయటికి తీస్తుంది. ఆ ఏడాది మాత్రం వీళ్లందరిదీ ఒకే జైలు, ఒకే శ్మశానం అన్నట్టు ఉండేది.

సెప్టెంబర్ 13న ఇండియన్ ఆర్మీ నాలుగు వైపుల నుంచి లోపలికి వచ్చింది. ఆపరేషన్ పోలో. జనం నోట్లో పోలీస్ యాక్షన్. 17న నిజాం లొంగిపోయారు. రజ్వీని పట్టుకున్నారు. ఇక్కడితో అంతా బాగైపోయింది అని ముగించేస్తారు చాలామంది. అలా కాలేదు. పోలీస్ యాక్షన్ తర్వాత మరాఠ్వాడా జిల్లాల్లో, ఇంకా కొన్ని చోట్ల మామూలు ముస్లింల మీద దాడులు జరిగాయి. వాటి మీద నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికే రాలేదు. రజాకార్లతో ఏ సంబంధం లేని కుటుంబాలు కూడా ఆ మూల్యం కట్టాయి.

చంపాలనుకున్న మనిషి రాజ్‌ప్రముఖ్, వేసిన మనిషి జైల్లో

పవార్ కథలో సినిమావాళ్లు కూడా రాయలేని ట్విస్ట్ ఇక్కడుంది.

హైదరాబాద్ ఇండియాలో కలిసింది. పవార్ కోరుకున్నదే జరిగింది. మరి పవార్ వెంటనే బయటికి రావాలి కదా? రాలేదు. సైన్యం తరఫున జనరల్ జేఎన్ చౌధురి మిలటరీ గవర్నర్ అయ్యారు. కానీ పేరుకి సంస్థానాధిపతి ఇంకా నిజామే. ఆ పాలకుణ్ని చంపబోయాడని కోర్టు ఉరి వేసిన ఖైదీ పవార్. అతన్ని ఏం చేయాలి? విడిచిపెడితే, పాలకుల మీద బాంబులు వేయడం తప్పు కాదని చెప్పినట్టు. ఉరి తీస్తే, ఇండియా కోసం ప్రాణానికి తెగించినవాణ్ని ఇండియానే చంపినట్టు.

1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ హైదరాబాద్ వచ్చారు. బేగంపేట ఎయిర్‌పోర్టులో నిజాం వెళ్లి చేతులు జోడించి స్వాగతం పలికారు. ఆ ఫొటో మీరు వందసార్లు చూసి ఉంటారు. ఫోన్లో ప్రతి సెప్టెంబర్‌లో ఫార్వర్డ్ అవుతుంది. ఆ ఫొటో తీసిన రోజున పవార్ ఇంకా జైల్లోనే ఉన్నారు. ఫొటోలో ఆ సంగతి కనపడదు.

చివరికి ఉరి ఆగింది. 1949 ఆగస్టులో పవార్ విడుదలయ్యారు. దాదాపు ఇరవై నెలలు జైల్లో గడిపారు. అందులో చాలా రోజులు, రేపు తెల్లారితే ఉంటానా లేదా అన్నట్టే గడిచి ఉంటాయి.

ఆరు నెలలు తిరక్కుండానే, 1950 జనవరి 26న, నిజాం హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్‌గా ప్రమాణం చేశారు. ఇప్పటి గవర్నర్ లాంటి పదవి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా అందులోనే ఉన్నారు. ఒకే రాజ్యాంగం కింద ఒకరు రాజ్‌ప్రముఖ్, ఇంకొకరు ఆయన్ని చంపబోయి బయటికొచ్చిన మామూలు పౌరుడు. ఇద్దరూ ఒకే సిటీలో. పగ తీర్చుకోవడానికి ఈసారి ఎవరూ రోడ్డు పక్కన నిలబడలేదు. నిలబడాల్సిన అవసరం కూడా లేకపోయింది. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో ఓట్లు పడ్డాయి. సంస్థానం తన మొదటి ముఖ్యమంత్రిని ఓట్లతో ఎన్నుకుంది. బూర్గుల రామకృష్ణారావు.

రజ్వీ విషయానికొస్తే, 1957 దాకా జైల్లో ఉండి, విడుదలయ్యాక పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

అదే రోడ్డు

నిజాం 1967 ఫిబ్రవరి 24న కింగ్‌కోఠిలోనే చనిపోయారు. అంతిమయాత్రకి జనం లక్షల్లో వచ్చారు. తల్లి సమాధి ఉన్న మస్జిద్ ఎ జూదీలోనే, ప్యాలెస్‌కి ఎదురుగా, ఆయన్నీ ఖననం చేశారు. బాంబు పడిన రోడ్డుకి ఆ చోటు నడుచుకుంటూ వెళ్లేంత దూరమే.

పవార్ ఆ తర్వాత ఇంకో నలభై మూడేళ్లు బతికారు. ఆయన కళ్లముందే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 1969 ఉద్యమం వచ్చింది, మలి దశ తెలంగాణ ఉద్యమమూ మొదలైంది. 2010 డిసెంబర్‌లో, ఎనభై దాటిన వయసులో, హైదరాబాద్‌లో కన్నుమూశారు. ప్రాగ్ బాంబు మీద ఫ్రెంచ్ నవల వచ్చిందీ ఆ ఏడాదే. కుబిష్, గాబ్చిక్ ఇద్దరూ చర్చిలో నాజీలు చుట్టుముట్టినప్పుడు 1942లోనే చనిపోయారు. వాళ్లకి ముసలితనం లేదు. గురి తప్పిన పవార్‌కి అరవై ఏళ్ల పైన జీవితం మిగిలింది.

ఇప్పుడు కింగ్‌కోఠి ప్యాలెస్‌లో ఒక భాగం ప్రభుత్వ ఆస్పత్రి. పొద్దున్నే ఓపీ చీటీ కోసం జనం లైన్లో నిలబడతారు. ఆటోలు, బైకులు, హారన్లు. సాయంత్రం ఒకే టైంకి ఒకే కారు కోసం ఖాళీ అయ్యే రోడ్డు కాదు అది.